మా భీమిలి వేసవిని మాకు తెలిసినట్టే చూపించండి: తెలుగు సినిమా నిర్మాతలకు, దర్శకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్మాతలకు, దర్శకులకు, కథా చర్చల్లో కూర్చునే రచయితలకు,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. పదహారు, పదిహేడేళ్ల పిల్లలతోనే నా రోజంతా గడుస్తుంది. మీ సినిమాలు మొదటి రోజు చూసేది వాళ్లే, మర్నాడు క్లాసులో ఆ డైలాగులు చెప్పుకునేదీ వాళ్లే, కాబట్టి నవలని సినిమాగా తీస్తూ దాని ప్రాణమే మార్చేస్తున్న ఈ సంగతి మీకూ నాకూ కూడా సంబంధించినది. ముందు ఈ ఉత్తరం మీలో ఒక సంస్థకే రాశాం. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, మెయిల్ చేశాం, మేనేజర్ గారికి వాట్సాప్ పెట్టాం. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను. ఆ సంస్థ పేరు, దర్శకుడి పేరు, నవల పేరు, రచయిత్రి పేరు ఇందులో ఉండవు. రచయిత్రే వద్దన్నారు. ఆవిడకి రచ్చ అక్కర్లేదు, తను రాసిన పిల్లలు పాడవకుండా తెర మీదకి వస్తే చాలంటున్నారు.

జరిగింది చెప్తాను.

మా ఊరి రచయిత్రి ఒకావిడ చాలా ఏళ్ల కిందట ఒక చిన్న నవల రాశారు, వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయిన ఒక అమ్మాయి వేసవి సెలవులకి భీమిలిలో అమ్మమ్మ గారింటికి వస్తుంది. ఎదురింటి మేడ మీద గదిలోకి గాజువాక నుంచి ఒక అబ్బాయి వస్తాడు, పడవ ఇంజన్లు బాగుచేసే మేనమామ దగ్గర పని నేర్చుకోవడానికి. వాడికీ పదిహేడే. రెండు నెలల కథ. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దాకా నడుస్తారు, లైట్‌హౌస్ దగ్గర కూర్చుంటారు, వాడు ఇంజన్ ఎలా పనిచేస్తుందో చెప్తాడు, ఆ అమ్మాయి పాఠంలో పద్యం చెప్తుంది, ఒకసారి చేతులు పట్టుకుంటారు. జూన్‌లో కాలేజీ తెరుస్తారు, అమ్మాయి బస్సెక్కి వెళ్లిపోతుంది. ఎవరూ చావరు, ఎవరూ లేచిపోరు, పెళ్లీ జరగదు. అయినా ఆ అమ్మాయి ఊరికి వచ్చినప్పటి మనిషి కాదు, వాడూ కాదు. నవల అదే.

అందులో ఒక ఘట్టం చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాని మీదే గొడవ. ప్రహరీ గోడ మీద కూర్చుని ఇద్దరూ జీడిపళ్లు తింటుంటారు. రసం అమ్మాయి తెల్ల చున్నీ మీద కారుతుంది. జీడిపండు మరక ఎంత ఉతికినా పోదని మా ఉత్తరాంధ్రలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ అమ్మాయి చున్నీని మడిచి పెట్టె అడుగున దాస్తుంది. అమ్మమ్మ ఎప్పుడో చూసేస్తుంది, చూసి ఏమీ అనదు. కొన్నాళ్లకి మధ్యాహ్నం పూట వరండాలో ఇద్దరూ కూర్చుని కొత్త చింతపండులో పిక్కలు తీస్తుంటే, అమ్మమ్మ తలెత్తకుండా తన పదిహేడో ఏడు గురించి చెప్తుంది. ఎవరినో ఇష్టపడ్డానని, చెప్పుకోవడానికి ఇంట్లో ఒక్కరూ లేరని, ఆ ఒంటరితనమే ఎక్కువ బాధ పెట్టిందని. మనవరాలు ఏడుస్తుంది. అమ్మమ్మ చేతులకి చింతపండు జిగురు ఉంది కాబట్టి మోచేత్తో దగ్గరికి తీసుకుంటుంది. మూడు పేజీలు ఉంటుందేమో. మా క్లాసులో చదివి వినిపించినప్పుడు వెనక బెంచీలో కూడా చప్పుడు లేదు.

హైదరాబాద్ నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చి ఈ నవల హక్కులు అడిగితే ఇక్కడి పాఠకులం చాలా సంతోషించాం. అగ్రిమెంట్ మొత్తం ఇంగ్లీషులో ఉంది. ఏకమొత్తంగా కొంత డబ్బు ఇచ్చారు, అది ఎక్కువ కాదు. తర్వాత ఆవిడ పట్టుబట్టి అడిగితే స్క్రిప్ట్ పీడీఎఫ్ పంపారు. అది చదివి ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అమ్మాయి డిగ్రీ ఫైనలియర్ అయింది. అబ్బాయి పాతికేళ్ల హీరో అయ్యాడు. మొదటి సగమంతా వాడు ఆ అమ్మాయి వెంటపడతాడు. బస్సులో, గుడి దగ్గర, స్నేహితుల్ని వేసుకుని దారికి అడ్డంగా. ఆ అమ్మాయి వద్దంటుంది, చెంప మీద కొడుతుంది, ఆ కొట్టడమే ప్రేమకి మొదలని హీరో ఫ్రెండ్ చెప్తాడు. ఇంటర్వెల్ కల్లా అమ్మాయి మనసు మారిపోతుంది, ఎందుకు మారిందో స్క్రిప్టులో ఒక్క మాట లేదు. అమ్మమ్మని కామెడీ ట్రాక్ చేశారు, మా యాసలో డబుల్ మీనింగ్ మాటలు ఆవిడ చేత చెప్పించారు. చింతపండు సీన్ లేదు. చివర్లో ఎర్రమట్టి దిబ్బల్లో ఫైట్. జీడిపండు మరక మాత్రం ఉంది, అయితే అది ఐటమ్ సాంగ్‌లో ఒక లైను అయింది.

ఆవిడ తన అభ్యంతరాలు పేజీల వారీగా రాసి పంపారు. జవాబు లేదు. షూటింగ్ భీమిలిలోనే జరుగుతోందని తెలిసి ఆవిడ చూడ్డానికి వెళ్లారు, నేనూ తోడు వెళ్లాను. బీచ్ రోడ్డులో తాడు కట్టారు. తాడు ఇవతల జనంలో ఆవిడ నిలబడ్డారు. ప్రొడక్షన్ కుర్రాడు ఒకడు వచ్చి, 'అమ్మా, ఫ్రేమ్‌లోకి వస్తున్నారు, కాస్త వెనక్కి జరగండి' అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడికి చెప్పినవాళ్లు లేరు. తర్వాత పోస్టర్ వచ్చింది. కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం అన్నిటికీ దర్శకుడి పేరే ఉంది.

ఇది ఒక్క సినిమాతో పోయేదైతే ఇంత రాసేదాన్ని కాదు. మీలో చాలామందికి ఇది మామూలు పద్ధతి అయిపోయింది. మన సినిమాకి ఇది మొదటినుంచీ ఉన్న అలవాటు కూడా కాదు. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. యద్దనపూడి సులోచనారాణి గారి నవలల్లోంచి 1973లో 'మీనా', 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ' వచ్చాయి. యండమూరి నవల 'అభిలాష' 1983లో సినిమా అయింది. వంశీ గారు తన నవల 'మహల్లో కోకిల'ని తనే 1984లో 'సితార'గా తీశారు. నిన్నగాక మొన్న 2021లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవల 'కొండపొలం' అదే పేరుతో సినిమా అయింది. నవల చదివినవాళ్లు హాలుకి వచ్చేవాళ్లు, సినిమా చూసినవాళ్లు నవల కోసం లైబ్రరీకి వెళ్లేవాళ్లు. ఆ రాకపోకలు ఇప్పుడు చాలావరకు తెగిపోయాయి.

పదిహేడేళ్ల వయసులో ఒక వేసవి ప్రేమ, నవలలోంచి తీసిన సినిమా. ఇది అసాధ్యమని మీరంటే నేను ఒప్పుకోను. 'కాల్ మీ బై యువర్ నేమ్' మీలో చాలామంది చూసే ఉంటారు. ఆంద్రే ఆసిమన్ 2007లో రాసిన నవల, లూకా గ్వాడనీనో దర్శకత్వంలో 2017లో సినిమా అయింది. స్క్రీన్‌ప్లే రాసిన జేమ్స్ ఐవరీకి 2018 మార్చిలో ఆస్కార్ వచ్చింది, అప్పటికి ఆయన వయసు 89. 1983 వేసవి, ఉత్తర ఇటలీలో ఒక ఇల్లు, ఇద్దరు మగవాళ్ల మధ్య ప్రేమ. అది పెద్దవాళ్లు చూడాల్సిన సినిమా, నా క్లాసులో వేయమని ఎవరూ అడగరు, నేనూ వేయను. అందులో ఒకరికి 17, ఇంకొకరికి 24, ఆ తేడా మీద విమర్శలు వచ్చాయి, నాకూ అది ఇబ్బందిగానే ఉంటుంది. ఇక ఇద్దరు మగవాళ్ల ప్రేమంటారా, 2018 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టే అది నేరం కాదని చెప్పింది, అలాంటి పిల్లలు మా క్లాసుల్లోనూ ఉంటారు, వాళ్ల కథలూ రావాలి. నేను ఇక్కడ ఆ సినిమా తీసుకున్నది వేరే సంగతికి. నవలని వాళ్లు ఎలా పట్టుకున్నారో చూడండి.

మార్పులు చేయలేదా అంటే, చాలా చేశారు. నవల నడిచేది సముద్రం ఒడ్డున, సినిమాని లోపలి ఊరు క్రేమాకి మార్చారు, అది అప్పట్లో దర్శకుడు ఉన్న ఊరు, ఆయనకి బాగా తెలిసిన వీధులు. నవల్లో కథంతా ఆ అబ్బాయి తనలో తను చెప్పుకున్నట్టు ఉంటుంది, సినిమాలో వాయిస్ ఓవర్ అసలు లేదు, ఆ మాటలన్నీ చూపుల్లోకి, సైకిల్ మీద పోవడాల్లోకి, పియానో వాయించడంలోకి వెళ్లిపోయాయి. నవల చివర ఏళ్లు గడిచాక జరిగిన కథ ఉంటుంది, దాన్ని వదిలేసి ఆ ఏడాది చలికాలం దగ్గరే ఆపేశారు. అన్నీ మార్చి, ముట్టుకోకుండా ఉంచింది ఒకటే, ఆ అబ్బాయి మనసులో ఏం జరిగిందన్నది. చివర్లో తండ్రి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు. తిట్టడు, నిలదీయడు, నీకు దొరికింది అరుదైనదని, బాధ పోవాలన్న తొందరలో ఆ ప్రేమని కూడా చంపుకోవద్దని చెప్తాడు. ఆ తర్వాత అబ్బాయి నిప్పు ముందు కూర్చుంటే కెమెరా కదలకుండా మూడు నిమిషాల పైన వాడి ముఖం మీదే ఉంటుంది, వెనక భోజనాల బల్ల సర్దుతుంటారు, పక్కన పేర్లు పడుతుంటాయి. ఇంకొకటి, ఇంటికి భోజనానికి వచ్చే అతిథుల్లో ఒకరిగా నవల రాసిన ఆసిమన్ గారే కనిపిస్తారు. అక్కడ రచయిత ఫ్రేమ్‌లో ఉన్నాడు, మా రచయిత్రిని ఫ్రేమ్‌లోంచి జరగమన్నారు.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఆ సినిమా బడ్జెట్ సుమారు 35 లక్షల డాలర్లని చెప్తారు, అప్పటి లెక్కన ఇరవై రెండు, ఇరవై మూడు కోట్ల రూపాయలు. వచ్చింది 4 కోట్ల డాలర్ల పైనే. అంత దూరం ఎందుకు, పక్కనే మరాఠీలో మిలింద్ బోకిల్ నవల 'శాళా'ని సుజయ్ డహాకే సినిమా తీశారు, ఎమర్జెన్సీ రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లవాడి మొదటి ప్రేమ, దానికి ఉత్తమ మరాఠీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. వయసు తక్కువైతే సెన్సార్ ఒప్పుకోదని ఈ నవల హక్కులు కొన్న సంస్థవాళ్లు మా రచయిత్రితో ఫోన్లో అన్నారట. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించాక పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ని 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడుగా విడదీశారు. చేతులు పట్టుకోవడం దాటని ఈ కథకి అందులో చోటు ఉంటుంది. హీరోయిన్ని వెంటాడే సీన్లకి సర్టిఫికెట్ తెచ్చుకోగలిగినవాళ్లు దీనికి ఎందుకు తెచ్చుకోలేరు?

ఇప్పుడు దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో చెప్తాను. నేను చూసినవే రాస్తున్నాను.

1. ముందు నష్టపోయేది ఆడపిల్లలు. ఒక అబ్బాయి రోజూ బస్‌స్టాప్ దగ్గర నిలబడి వెంట వస్తున్నాడని ఇంట్లో చెప్తే, ఆ అబ్బాయిని ఎవరూ ఆపరు, ఈ అమ్మాయి చదువు ఆపుతారు. మద్దిలపాలెం నుంచి వచ్చే ఒక అమ్మాయి ఎందుకు రావడం లేదని కనుక్కుంటే సంబంధాలు చూస్తున్నారని తెలిసింది. ఆ అబ్బాయి ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదట, కేవలం వెంట వచ్చాడట, అది ప్రేమ అనుకున్నాడట. వెంటపడటం నేరమని 2013లోనే పాత శిక్షా స్మృతి ఐపీసీలో సెక్షన్ 354డి చేర్చారు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 78. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా మా పిల్లలకి అది నేరమని తెలియదు, ఎందుకంటే తెరమీద అదే పని చేసినవాడికి ప్రతిసారీ అమ్మాయి దక్కుతుంది. మీరు ఒక నవల్లో వెంటపడటం లేని ప్రేమని చూసి కూడా, తీసుకెళ్లి అందులో వెంటపడటం కలిపారు. నాకు ఇదే అన్నిటికంటే కష్టంగా ఉంది. లేనిచోట ఎందుకు పెట్టారు?

2. తర్వాత మగపిల్లలు. వీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఒక అమ్మాయి నచ్చితే మామూలుగా ఎలా మాట్లాడాలో, ఆ అమ్మాయి వద్దంటే ఆ బాధ ఎలా మోయాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో నాన్న చెప్పడు, కాలేజీలో మేం చెప్పం, సినిమాలో హీరోకి ఓటమి ఉండదు. స్టాఫ్ రూమ్ బయట నిలబడి ఒక కుర్రాడు నాతో, 'మేడమ్, నాకేదో అవుతోంది, చదవలేకపోతున్నాను' అన్నాడు. అంతకంటే మాటలు రాలేదు వాడికి. వాడికి కావలసింది మందలింపు కాదు, అలాంటిది ఇంకొకడికి కూడా జరిగిందని, జరిగినా వాడు బతికి బాగున్నాడని తెలియడం. ఆ నవల్లో అబ్బాయి సరిగ్గా అదే. అమ్మాయి వెళ్లిపోయాక మర్నాడు పొద్దున లేచి ఇంజన్ విప్పుతాడు, నట్లు కిరోసిన్‌లో వేసి కడుగుతూ ఏడుస్తాడు, మేనమామ చూసి టీ తెచ్చి పక్కన పెడతాడు. మీ స్క్రిప్టులో ఆ మేనమామే లేడు.

3. తల్లిదండ్రులు. పిల్లల ప్రేమ అనగానే వాళ్లకి గుర్తొచ్చేవి రెండే, పరువు పోవడం, ప్రాణం పోవడం. 1978లో బాలచందర్ గారు 'మరోచరిత్ర'ని మన విశాఖలో, భీమిలిలో తీశారు. నాకు చాలా ఇష్టమైన సినిమా, మా అమ్మ ఆ లొకేషన్లు ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తుంది. కానీ అందులో ఇద్దరూ చనిపోతారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో సినిమాల్లో కూడా పిల్లల ప్రేమ చావుతోనో, పెద్దలతో కొట్లాటతోనో ముగిసింది. పిల్లలు ఒక వేసవిలో ప్రేమించి, విడిపోయి, మళ్లీ చదువుకుని, మామూలుగా పెద్దవాళ్లు కావచ్చన్న కథ ఒక్కటి ఆ అమ్మానాన్నలకి కనిపించి ఉంటే, కూతురి ఫోన్లో ఒక మెసేజ్ చూడగానే చదువు మాన్పించే ముందు ఒక పూట ఆగి ఆలోచిస్తారేమో. చింతపండు సీన్ తీసేయడం వల్ల పోయింది అది. పిల్లతో ఎలా మాట్లాడాలో చూపించే ఒక పెద్దమనిషిని మీరు నవ్వులాటకి వాడుకున్నారు.

4. అసలు వేసవే లేకుండా పోయింది ఈ పిల్లలకి. చాలా కాలేజీల్లో ఫస్టియర్ పరీక్షలు అవగానే సెకండియర్ క్లాసులు మొదలుపెడతారు, ఏప్రిల్, మే నెలలు ఏసీ లేని హాస్టల్ గదుల్లో ఉక్కపోతలో ఎంట్రన్స్ కోచింగ్‌తో గడిచిపోతాయి. అమ్మమ్మ ఊరు, ముంజెలు, మామిడి తాండ్ర, సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్, ఇవి ఇక పుస్తకంలోనో తెరమీదో తప్ప దొరకవేమో వాళ్లకి.

5. రచయితలు. మా రచయిత్రి ఇంకో నవల సగం రాసి పెట్టారు. పూర్తి చేయమంటే, 'ఎవరి కోసం అమ్మా' అన్నారు. ఆవిడ పాత నవల ఇప్పుడు బజార్లో దొరకదు. టైటిల్స్‌లో పేరు పడితే మళ్లీ అచ్చు వేస్తామని ఒక ప్రచురణకర్త మాటిచ్చారు, పేరే పడకపోతే ఆయనైనా ఏం చూసి వేస్తారు?

6. భీమిలి మనుషులు. మా సముద్రం మీకు పాటకి కావాలి, మా యాస మీకు కమెడియన్‌కి కావాలి. ఆ మాట మాట్లాడేవాళ్లు ప్రేమించినట్టు, ఏడ్చినట్టు ఎప్పుడు చూపిస్తారు?

చట్టం ఏం చెప్తోందో కూడా మీ దృష్టికి తెస్తున్నాను, బెదిరించడానికి కాదు. 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 57 ఉంది. హక్కులు అమ్మేసిన తర్వాత కూడా ఆ రచన తనదేనని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు రచయితకి ఉంటాయి. హిందీ రచయిత్రి మన్నూ భండారీ గారి 'ఆప్ కా బంటీ' నవలని సినిమా తీస్తూ మార్చేసినప్పుడు ఆవిడ కోర్టుకి వెళ్లారు, ఢిల్లీ హైకోర్టు 1986లో ఈ హక్కుని గట్టిగా నిలబెట్టింది. నవలని సినిమాగా మార్చేటప్పుడు మార్పులు తప్పవని మాకు తెలుసు, ఆ కోర్టూ కాదనలేదు. నవల ప్రాణమే తీసేయడం వేరు. ఇంకో సంగతి, సెక్షన్ 19 ప్రకారం అగ్రిమెంట్‌లో గడువు రాయకపోతే ఆ హక్కులు అయిదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఈ విషయం చాలామంది తెలుగు రచయితలకి తెలియదు. ఈ లేఖ చదివే రచయితలు దయచేసి మీ పాత అగ్రిమెంట్లు ఒకసారి తీసి చూసుకోండి.

మేం అడుగుతున్నవి ఇవి.

1. ఆ సినిమా విడుదల తేదీ ఇంకా ప్రకటించలేదు. విడుదలకి ముందే టైటిల్స్‌లో, పోస్టర్లలో, ట్రైలర్‌లో మూలకథ అని నవల పేరు, రచయిత్రి పేరు వేయాలి. దీనికి రూపాయి ఖర్చు కాదు.

2. అయితే పేరు వేసి ఊరుకుంటే సరిపోదు. ఇప్పుడున్న రూపంలో ఆ సినిమా మీద తన పేరు పడటం ఆవిడకీ ఇష్టం లేదు. బస్సులో వెంటపడే సీన్లు, దారి అడ్డగించే సీను, అమ్మమ్మ డబుల్ మీనింగ్ మాటలు ఎడిటింగ్‌లో తీసేయొచ్చు. చింతపండు సీన్ తీయడానికి ఒక వరండా, ఇద్దరు నటులు, ఒక పూట చాలు. భీమిలిలో అలాంటి వరండా ఉన్న ఇల్లు మేం చూపిస్తాం, ఇంటివాళ్లతో మాట్లాడి ఒప్పిస్తాం.

3. నవల హక్కులు తీసుకునే ప్రతి సంస్థా అగ్రిమెంట్‌ని తెలుగులో కూడా ఇవ్వాలి. ఎన్నేళ్లకి, ఏ భాషలకి, ఓటీటీకి కూడానా, రాయల్టీ ఎంత, అన్నీ స్పష్టంగా రాయాలి. శాశ్వతంగా అన్న మాట తీసేయాలి.

4. స్క్రిప్ట్ ఖరారయ్యే ముందు రచయితకి చూపించాలి, అభ్యంతరాలు రాస్తే నెల లోపల రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఒప్పుకోమని అనడం లేదు, కాదంటే ఎందుకు కాదో చెప్పండి. జవాబు లేకపోవడం మనిషిని ఎంత కుంగదీస్తుందో మేం దగ్గర్నుంచి చూశాం.

5. ఉత్తరాంధ్రలో జరిగే కథకి ఇక్కడి యాస తెలిసినవాళ్లని మాటల దగ్గర పెట్టుకోండి, ఆ యాసని హీరో హీరోయిన్ల చేత కూడా మాట్లాడించండి.

6. పదిహేడేళ్ల పాత్రలున్న కథ తీస్తే ఆ వయసు అలాగే ఉంచండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్లంతా పిల్లలే, కాబట్టి చూపించేది జాగ్రత్తగా చూపించండి. ఆ జాగ్రత్త కష్టమనిపించి వయసు పెంచేస్తే కథే మారిపోతుంది. వేసవి అయ్యాక కాలేజీకి తిరిగి వెళ్లాల్సిన పిల్లలు కాబట్టే అది ఆ కథ అయింది.

7. చివరిగా తెలుగు సినీ రచయితలకి. ఈ విషయంలో మీరు మాట్లాడాలి. మీలోనూ పేరు పడని పనులు చేసినవాళ్లు ఉన్నారని మాకు తెలుసు.

ఈ లేఖ ప్రతిని ఆ సంస్థకి మళ్లీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. రచయిత్రి పేజీల వారీగా రాసిన అభ్యంతరాలు కూడా అందులో జతచేశాం. నెల రోజుల్లో జవాబు రాకపోతే ఆవిడ సెక్షన్ 57 కింద కోర్టుకి వెళ్తారు, లాయరుతో మాట్లాడాం, ఖర్చుకి ఇక్కడి పాఠకులం చందాలు వేసుకుంటున్నాం. అంతవరకూ రాకుండా మీరే ఒకసారి విశాఖ వచ్చి ఆవిడతో కూర్చుని మాట్లాడితే మాకు అంతకంటే కావలసింది లేదు. ఏ రోజు వస్తారో చెప్పండి, మేం ఏర్పాటు చేస్తాం.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్,
తోటి పాఠకుల తరఫున కూడా,
విశాఖపట్నం.